శ్రీకాకుళం, విజయనగరంలో స్థలం కొనేవారికి: ఏ ఏజెంటును పెట్టుకోవాలి, అతని మీద కేసులున్నాయో లేదో ఎలా చూడాలి

భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు పనులు మొదలయ్యాక హైవే పొడవునా స్థలాలు చూపించేవాళ్లు పెరిగారు. పూసపాటిరేగ, రణస్థలం, ఎచ్చెర్ల, నరసన్నపేట, టెక్కలి... ఎక్కడికెళ్లినా ఊరి మధ్యవర్తి దగ్గర్నుంచి కారు పెట్టి సైటుకు తీసుకెళ్లే మార్కెటింగ్ కంపెనీ కుర్రాళ్ల దాకా అందరూ ఏజెంట్లమనే చెప్పుకుంటారు. వీళ్లలో ఎవరితో వెళ్లాలన్నది మీరు కొంటున్నది ఏమిటన్న దాన్నిబట్టి మారుతుంది. కొత్త లేఅవుట్లో ప్లాటుకు సరిపోయే మనిషి రెండెకరాల మెట్టకు పనికిరాడు. మెట్టకు పనికొచ్చే మనిషిని లేఅవుట్ దగ్గరికి తీసుకెళ్తే చట్టమే ఒప్పుకోదు.

పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో ముందుగా వినిపించే సలహా ‘లైసెన్స్ ఉన్నవాణ్ణి చూడండి’ అని. అక్కడ ఆ మాటకు బరువుంది. కాలిఫోర్నియా, టెక్సాస్, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో ఏజెంటు కావాలంటే పరీక్ష పాసవ్వాలి, వేలిముద్రలివ్వాలి. నేర చరిత్ర చూశాకే లైసెన్స్ చేతికిస్తారు. మన దగ్గర 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 9వ సెక్షన్ కింద ఇచ్చేది రిజిస్ట్రేషన్ మాత్రమే. ఏజెంటుకు పరీక్ష పెట్టాలని గానీ, వేలిముద్రలు తీసుకోవాలని గానీ, పోలీసు వెరిఫికేషన్ చేయించాలని గానీ ఆ సెక్షన్ చెప్పలేదు. మహారాష్ట్ర మాత్రం 2023లో తన ఏజెంట్లకు పరీక్ష తప్పనిసరి చేసుకుంది.

కాబట్టి రెరా నంబరు ఉందంటే ఆ మనిషి పేరు, ఫొటో, చిరునామా ఒక ప్రభుత్వ సంస్థ దగ్గర ఉన్నాయని, తప్పు జరిగితే వెళ్లి అడగడానికి ఒక గుమ్మం ఉందని అర్థం. అతని మీద కేసులు లేవని ఆ నంబరు ఎక్కడా చెప్పదు. అది మనమే చూసుకోవాలి. ఇంట్లో కూర్చుని, రూపాయి ఖర్చు లేకుండా, ఒక సాయంత్రంలో అయిపోయే పని. చాలామంది చేయరు, అదే బాధ.

రెరా నంబరు ఎక్కడ తప్పనిసరి, ఎక్కడ కాదు

9వ సెక్షన్ వర్తించేది ప్రమోటరు (లేఅవుట్ వేసి గానీ ఫ్లాట్లు కట్టి గానీ అమ్మేవారు) అమ్ముతున్న, రెరాలో నమోదయ్యే ప్రాజెక్టులకు. లేఅవుట్ విస్తీర్ణం 500 చదరపు మీటర్లు దాటితే నమోదు చేయించాలి. మన లెక్కలో అది సుమారు 598 గజాలు, పన్నెండు సెంట్ల పైచిలుకు. అంటే పేరుకు లేఅవుట్ అనిపించుకునేది ఏదైనా దాదాపు ఈ లెక్కలోకి వస్తుంది. అపార్ట్‌మెంట్లలో ఎనిమిది ఫ్లాట్ల వరకు మినహాయింపు ఉంది. అలాంటి నమోదైన ప్రాజెక్టులో ప్లాటో ఫ్లాటో అమ్మించేవాడికి తనదైన రెరా నంబరు ఉండాలి. కుదిర్చిన ప్రతి అమ్మకంలోనూ ఆ నంబరు రాయాలి. ప్రాజెక్టుకే నమోదు లేకపోతే దాన్ని అమ్మించడం నమోదున్న ఏజెంటుకైనా నిషిద్ధం, అది 10వ సెక్షన్.

గరివిడి పక్కన పొలం కుదిర్చే మధ్యవర్తికి, శ్రీకాకుళంలో పాత ఇల్లు అమ్మించేవాడికి, ఒకసారి అమ్ముడైన ప్లాటును యజమాని తరఫున మళ్లీ అమ్మిపెట్టేవాడికి రెరా నంబరు అక్కర్లేదు. లేకపోయినంత మాత్రాన వాళ్లు చట్టం తప్పినట్టు కాదు. పొరపాటు ఇంకో వైపు నుంచి జరుగుతుంది. రెరా నంబరున్న ఏజెంటు పొలం చూపిస్తే, ఆ నంబరు ఈ బేరానికీ కాపలా అనుకుంటారు. పొలం బేరంలో ఏం జరిగినా రెరా అథారిటీ దగ్గర మీ ఫిర్యాదుకు చోటుండదు.

‘మా ఊరు ప్లానింగ్ ఏరియాలో లేదు, రెరా అక్కర్లేదు’ అన్న మాట కూడా వింటారు. చట్టంలో ప్లానింగ్ ఏరియా అన్న మాట ఉన్నది నిజమే. ఊరు వీఎంఆర్డీఏ (విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధిలో ఉందా, శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉందా, రెండింటిలోనూ లేదా అన్నది ఏజెంటు నోటి మాటగా తీసుకోకండి. ఆ సంస్థ ఆఫీసులో సర్వే నంబరు చెప్పి అడగండి.

నమోదు లేకుండా ప్రాజెక్టు ప్లాట్లు అమ్మించిన ఏజెంటుకు రోజుకు 10,000 రూపాయల జరిమానా పడుతుంది. అది పెరుగుతూ పోయి ప్లాటు విలువలో 5 శాతం దగ్గర ఆగుతుంది. గజం 15,000 చొప్పున 200 గజాల ప్లాటు అనుకుందాం. విలువ 30 లక్షలు, జరిమానా హద్దు లక్షన్నర, పదిహేను రోజుల్లోనే నిండిపోతుంది. పెద్ద గుంపులకు ఇది భరించలేని భారమేమీ కాదు. చట్టం ఉంది కదా, భయపడతారులే అనుకుని మనం చూడటం మానేయకూడదు.

సరిహద్దు ఊళ్లవారికి మరో జాగ్రత్త. రెరా నమోదు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. విశాఖపట్నంలో ఉంటూ ఆంధ్రప్రదేశ్ రెరాలో నమోదైన ఏజెంటు భోగాపురంలోనూ ఇచ్ఛాపురంలోనూ అమ్మించవచ్చు. బరంపురంలో ఆఫీసు పెట్టుకుని ఒడిశా రెరా నంబరు చూపించే ఏజెంటు ఇచ్ఛాపురం, కంచిలి వైపు లేఅవుట్లకు పనికిరాడు. పాతపట్నం వైపు వచ్చే పర్లాకిమిడి ఏజెంట్లకూ ఇంతే. కార్డు మీద రెరా అన్న మాట కనిపించగానే ఆగిపోకండి, ఏ రాష్ట్రందో చూడండి.

ఎదురయ్యే నాలుగు రకాలు

తన సొంత పేరు మీద నమోదున్న ఏజెంటు మొదటి రకం. సర్టిఫికెట్ మీది పేరు, మీ ఎదుట కూర్చున్న మనిషి ఒకరే. ఇదే అతనిలో ఉన్న పెద్ద సుగుణం. బుక్ చేసేటప్పుడు ప్రాజెక్టు కాగితాలన్నీ మీకు అందేలా చూడటం, లెక్కల పుస్తకాలు ఉంచడం చట్టం అతని మీద పెట్టిన బాధ్యతలు. తప్పుడు సమాచారంతో నమోదు తెచ్చుకున్నాడని తేలితే అథారిటీ దాన్ని రద్దు చేయగలదు. లోటు ఒకటుంది. అతనికి కమీషను ఇచ్చేది ప్రమోటరు కాబట్టి కమీషను ఇచ్చే లేఅవుట్లే మీకు చూపిస్తాడు. పక్కనే అంతకంటే మంచిది ఉన్నా చెప్పడు.

రెండోది మార్కెటింగ్ కంపెనీ. ఇక్కడ సర్టిఫికెట్ కంపెనీ పేరు మీద ఉంటుంది, మీ దగ్గరకు వచ్చేది మాత్రం కంపెనీ కింద ఒకరి కింద ఒకరుగా చేరిన గొలుసులో చివరి మనిషి. అతను ఉద్యోగి కాకపోవచ్చు, జీతం లేకపోవచ్చు, వచ్చే నెల ఆ కంపెనీలోనే ఉండకపోవచ్చు. ఐదారుగురికి పంచే కమీషను ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించండి. గజం రేటులోనే కలిసి ఉంటుంది. ఈ రకంతో వెళ్లాల్సివస్తే మూడు అడగండి: కంపెనీ రెరా నంబరు, ఈ మనిషి మా తరఫున అమ్ముతున్నాడని కంపెనీ ఇచ్చిన లెటరు, ప్రాజెక్టు రెరా నంబరు. ప్రాజెక్టు నమోదు చేసేటప్పుడు తన ఏజెంట్ల పేర్లు, చిరునామాలు కూడా ప్రమోటరు ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతోంది. రెరా సైటులో ఆ ప్రాజెక్టు పేజీ తెరిచి ఈ కంపెనీ పేరు అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే ఎందుకు లేదో ప్రమోటరునే నేరుగా అడగండి. అదే పేజీలో ప్రమోటరు గత ఐదేళ్ల ప్రాజెక్టులు, ఆలస్యాలు, వాటి మీది కేసులు ఉండాలి. ఏజెంటు కంటే ఆ వివరాలే ఎక్కువ చెబుతాయి.

‘ప్రీ లాంచ్ రేటు, నంబరు వారంలో వస్తుంది’ అన్నారంటే లేచి రావడమే. నమోదు కాకముందు ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం రెండూ నిషిద్ధం. ప్రమోటరుకు ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా ఉంటుంది, మొండికేస్తే మూడేళ్ల దాకా జైలు కూడా ఉంది. తక్కువ రేటుకు ఆశపడి ఇచ్చిన డబ్బుకు మీ చేతిలో మిగిలేది తెల్లకాగితం మీద రసీదు.

మూడోవాడు ఊరి మధ్యవర్తి. చదువుకున్నవాళ్లు ఇతన్ని చులకనగా చూస్తారు, అది తప్పు. పొలానికి దారి ఎవరి గట్టు మీదుగా ఉంది, గెడ్డ పొంగితే నీళ్లు ఎంతవరకు వస్తాయి, యజమానికి పెళ్లైన అక్కచెల్లెళ్లు ఎంతమంది, వారి వాటా తేలిందా లేదా... ఇవి ఏ పోర్టల్లోనూ దొరకవు, ఇతనికి తెలుసు. దెబ్బతినే చోట్లూ ఇతని దగ్గరే ఎక్కువ. ఒకటి, రైతుతో ఎకరా ఒక రేటుకు ఒప్పుకుని మీకు పైరేటు చెప్పి మధ్యలోది ఉంచుకోవడం. రైతును మీకు కలవనివ్వకుండా రోజులు గడుపుతున్నాడంటే ఇదే అనుకోండి. రెండోది ఇంకా ప్రమాదం. కొద్దిపాటి బయానా ఇచ్చి రైతు దగ్గర అగ్రిమెంట్ రాయించుకుని, గడువులోపల ఆ కాగితాన్నే ఇంకొకరికి, వాళ్లు మరొకరికి తిప్పుతారు. గడువు దాటాక రైతు ‘నాకు మిగతా డబ్బు రాలేదు’ అంటే చివర్లో కొన్నవారు ఇరుక్కుంటారు. రిజిస్టరు కాని అగ్రిమెంట్ ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనపడదు. అందుకే అగ్రిమెంట్ రైతుతోనే, రైతు సంతకంతోనే, డబ్బు రైతు బ్యాంకు ఖాతాలోకే.

నాలుగోది ఏజెంటు లేకుండా యజమాని దగ్గర నేరుగా కొనడం. మిగిలే కమీషనులో కొంత వకీలుకు, కొంత సర్వేయరుకు పెడితేనే ఇది లాభం. ఆ రెండూ మానేసి కమీషను మిగిలిందని సంతోషిస్తే కుదరదు. రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజు రాసేవారిని వకీలు అనుకోవద్దు. వారు మీరిచ్చిన వివరాలు పద్ధతిగా రాసిపెడతారు. హక్కు ఎవరిదో తేల్చే పని వారిది కాదు.

కేసులు చూసే పద్ధతి

ముందు రెరా సైటు. ఆంధ్రప్రదేశ్ రెరా వెబ్‌సైటులో నమోదైన ఏజెంట్ల జాబితా తెరిచి పేరుతోనో నంబరుతోనో వెతకండి. ఫొటో ఈ మనిషిదేనా, చిరునామా కార్డు మీదున్నదేనా, గడువు ఎప్పటిదాకా ఉంది, మూడూ చూడాలి. నమోదుకు ఐదేళ్లే ప్రాణం. ఫ్రేము కట్టి గోడకు పెట్టిన సర్టిఫికెట్ ఎప్పుడో ముగిసిపోయినది కావచ్చు, ఫొటోకాపీలో తేదీ చూడకపోతే తెలియదు. నమోదు నిరాకరించిన, రద్దుచేసిన ఏజెంట్ల వివరాలు కూడా అథారిటీ తన సైటులో పెట్టాలని 34వ సెక్షన్ చెబుతోంది. అక్కడా వెతకండి.

తర్వాత ఈ-కోర్ట్స్. ఫోనులో యాప్ ఉంది, వెబ్‌సైటూ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. జిల్లా కోర్టుల కేస్ స్టేటస్‌లోకి వెళ్లి రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని ‘పార్టీ పేరు’ దగ్గర పేరు కొట్టాలి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, కనీసం మూడు అక్షరాలు. సంవత్సరం తప్పనిసరిగా అడుగుతుంది, అదీ ఒక్కో సంవత్సరమే. పదేళ్లు చూడాలంటే పదిసార్లు వెతకాలి. పెండింగ్, ముగిసినవి రెండూ వచ్చేలా గుర్తు పెట్టుకోండి. ముగిసిన కేసులు వదిలేస్తే సగం చరిత్ర వదిలేసినట్టే.

మన ప్రాంతపు పేర్లతో ఒక చిక్కుంది. అప్పలనాయుడు అన్న పేరు ఒక కోర్టులో ఒకే మాటగా, మరోచోట రెండు మాటలుగా ఎక్కుతుంది. నాయుడును ఒకరు ‘ఎ ఐ’తో రాస్తే ఒకరు ‘ఎ వై’తో రాస్తారు. సింహాచలంలో ‘హెచ్’ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట ఒక్క అక్షరంగా వస్తుంది. కాబట్టి పూర్తి పేరు కొట్టి ‘ఏమీ లేదు’ అని వచ్చిందని మూసేయకండి. పేరులో మారడానికి వీల్లేని నాలుగైదు అక్షరాల ముక్క ఒక్కటే కొట్టండి. జాబితా పొడుగ్గా వస్తుంది, ఓపికగా చూడాలి. ఇంటిపేరుతో విడిగా మరోసారి వెతకండి.

దీనికి రెండో వైపూ ఉంది. ఒకే పేరుతో ఒక్క మండలంలోనే పదిమంది ఉంటారు. పేరు కలిసిందని నిందవేయడం అన్యాయం. కేసు తెరిచి, అందుబాటులో ఉన్న ఆర్డర్లలో తండ్రి పేరు, ఊరు, వయసు సరిచూసుకోండి. ఏజెంటు ఆధార్ మీదున్న వివరాలతో కలిస్తేనే అది ఇతని కేసు. కలవకపోతే వదిలేయండి, వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి.

ఏ జిల్లా కింద వెతకాలన్న దగ్గరా తడబడతారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వెళ్లింది. పాలకొండ, సీతంపేట, పార్వతీపురం, సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. పాత కేసులు, పాత దస్తావేజులు పాత జిల్లా పేరుతోనే ఉంటాయి. రాజాం మనిషయితే శ్రీకాకుళం కిందా విజయనగరం కిందా వెతకండి. సోంపేట, ఇచ్ఛాపురం వైపు మనిషయితే ఒడిశా ఎంచుకుని గంజాం జిల్లా కూడా చూడాలి. భోగాపురం వైపు తిరిగేవారికి విశాఖపట్నం తప్పనిసరి. హైకోర్టు కేసులు వేరే విభాగంలో ఉంటాయి.

వచ్చిన జాబితాను చదవడం కూడా తెలియాలి. ఓఎస్ అంటే సివిల్ దావా. ఈపీ అంటే తీర్పు వచ్చాక డబ్బు గానీ ఆస్తి గానీ రాబట్టుకోవడానికి వేసేది. సీసీ మేజిస్ట్రేటు కోర్టులో క్రిమినల్ కేసు, ఎస్‌సీ సెషన్స్ కేసు, ఐపీ దివాలా పిటిషను. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి మోసానికి ఇప్పటి సెక్షన్ 318(4), పాతది 420. నమ్మకద్రోహానికి ఇప్పుడు 316, పాతది 406. దొంగ పత్రాన్ని అసలుదిగా వాడినందుకు ఇప్పుడు 340, పాతది 471. రెండు రకాల నంబర్లూ గుర్తుంచుకుంటేనే జాబితా అర్థమవుతుంది.

బరువు ఎలా తూచాలి? మోసం, దొంగ పత్రాలు రెండూ కలిసిన భూమి కేసు ఒక్కటున్నా, అది ఇంకా నడుస్తున్నా, ఆ మనిషిని వదిలేయమనే చెబుతాం. కేసు ఉండటం నేరం రుజువైనట్టు కాదు, నిర్దోషి కావచ్చు. కానీ ముప్పై లక్షలు పెట్టే మీరు తీర్పు వచ్చేదాకా ఆగక్కర్లేదు, వేరే ఏజెంటు దొరుకుతాడు. చెక్కు బౌన్సు కేసు ఒకటుంటే వ్యాపారంలో జరిగేదే. మూడు నాలుగుండి, పైన ఐపీ కూడా పెట్టాడంటే మీరిచ్చే టోకెన్ పాత అప్పుకు పోతుంది. ఈపీలు వరుసగా ఉంటే కోర్టు చెప్పినా డబ్బు కట్టని మనిషని అర్థం. కుటుంబ తగాదాలు, రోడ్డు ప్రమాదం, ఎన్నికల నాటి గొడవ లాంటివి ఈ లెక్కలోకి తీసుకోవద్దు.

ఇంకా కోర్టుకు చేరని ఫిర్యాదుల కోసం రాష్ట్ర పోలీసు వెబ్‌సైటులో ఎఫ్‌ఐఆర్‌లు చూడవచ్చు. కొన్ని సున్నితమైన నేరాలు మినహా ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. ఏజెంటు ఆఫీసున్న స్టేషను, సైటున్న స్టేషను రెండూ చూడండి. వేరొకరి మీద పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ మీరు తెచ్చుకోలేరు. ఎవరిది వారే తెచ్చుకోవాలి. పెద్ద బేరమైతే తెచ్చి చూపించమని మర్యాదగా అడగండి. కోపగించుకుంటే అదీ ఒక జవాబే.

కంపెనీ అయితే జీఎస్టీ పోర్టల్లో నంబరు కొట్టి అది నడుస్తోందా, రద్దయిందా చూడండి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటులో కంపెనీ ఎప్పుడు పుట్టిందో, ఇంకా బతికే ఉందో తెలుస్తుంది. తర్వాత డైరెక్టర్ల పేర్లతో మళ్లీ ఈ-కోర్ట్స్‌కు రండి. కంపెనీ పేరు కొత్తదైనా మనుషులు పాతవాళ్లు కావచ్చు.

ఇదంతా ఏజెంటు గురించి. అమ్మే యజమాని పేరుతో కూడా ఇదే వెతుకులాట చేయాలి, అది అంతకంటే ముఖ్యం. ఆ భూమి మీద వాటాల దావా గానీ, ముందు అగ్రిమెంట్ రాయించుకున్నవారు వేసిన దావా గానీ నడుస్తుండగా మీరు కొంటే, రేపు వచ్చే తీర్పు మీకూ వర్తిస్తుంది. దావా వేసినంత మాత్రాన అది ఈసీలో ఎక్కదు. ఈసీ శుభ్రంగా ఉందని కొని, తర్వాత సమన్లు అందుకున్నవారి కష్టం ఇక్కడే మొదలవుతుంది.

ఏది కొంటే ఎవరితో

భోగాపురం, డెంకాడ, ఎచ్చెర్ల వైపు కొత్త లేఅవుట్లో ప్లాటైతే సొంత పేరు మీద నమోదున్న ఏజెంటు, లేదా నేరుగా ప్రమోటరు ఆఫీసు. మూడో దారి వద్దు. ప్రమోటరు దగ్గరికి నేరుగా వెళ్తే కమీషను మేర రేటు తగ్గించమని అడిగే హక్కు మీకుంది. ఎల్పీ (లేఅవుట్ అనుమతి) నంబరున్న లేఅవుట్ ప్లాను తీసుకుని, మీ ప్లాటు స్థానిక సంస్థకు తాకట్టు పెట్టినవాటిలో ఉందేమో చూడండి. రోడ్లు, కాలువలు, కరెంటు పూర్తయ్యేదాకా ఆ ప్లాట్లు విడుదల కావు. వాటినే ‘తక్కువ రేటు’ అని అంటగడతారు.

పొలమైతే ఊరి మధ్యవర్తి, పక్కన మీ సొంత వకీలు. ఏజెంటు చూపించిన వకీలు వద్దు. జిరాయితీయా (రైతు సొంత పట్టా భూమా), డి-పట్టానా (ప్రభుత్వం పేదలకిచ్చిందా), ఇనామా, దేవస్థానానిదా అన్నది ముందు తేలాలి. ఈ రెండు జిల్లాల్లో జమీందారీల కాలం నాటి ఇనాములు, దేవాదాయ భూములు, విజయనగరం రాజకుటుంబం పెట్టిన మాన్సాస్ ట్రస్టు భూములు ఉన్నాయి కాబట్టి సర్వే నంబరుతో 22ఎ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) చూడకుండా బయానా ఇవ్వకండి. ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో అడంగల్ (సాగు, అనుభవం వివరాలు), 1బి (యజమాని వారీ భూమి వివరాలు) తీయండి. రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు ఉంటుంది. దస్తావేజులో పాతది, 1బిలో కొత్తది ఉంటే రెండూ ఒకే భూమివని సర్వేయరుతో తేల్చుకోవాలి. ఈసీ ముప్పై ఏళ్లకు తక్కువ వద్దు. సీతంపేట, కురుపాం, సాలూరు ఏజెన్సీ గ్రామాల్లో భూమి చూపిస్తే 1/70 చట్టం గుర్తుంచుకోండి. గిరిజనేతరులకు అక్కడ భూమి బదలాయింపు చెల్లదు, కొంటున్నది గిరిజనేతరుడి దగ్గరే అయినా సరే. ‘ఏదోలా చేయిద్దాం’ అనే ఏజెంటుతో మాట కూడా పెంచకండి.

ఉద్దానం నుంచి గల్ఫ్‌కు, ఇతర దేశాలకు వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. ఎన్నారైలు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా రావచ్చు, కొనడానికి వీల్లేదు. ఇళ్ల స్థలాలు, ఇళ్లు కొనవచ్చు. కాబట్టి ఎన్నారైకి కొబ్బరి తోట చూపించే ఏజెంటుకు చట్టం తెలియదు, లేదా తెలిసీ దాస్తున్నాడు. దూరాన ఉన్నామని ఏజెంటు పేరు మీద జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయడం అన్నిటికంటే చేటు. అవసరమైతే ఇంటివారి పేరు మీద, ఫలానా ప్లాటు రిజిస్ట్రేషన్ వరకే పరిమితమైన స్పెషల్ పవర్ రాయండి. అక్కడి భారత రాయబార కార్యాలయంలో సంతకం ధ్రువీకరించి పంపితే, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి.

వాడుకలో ఉన్న ప్లాటు, ఇల్లు అయితే నేరుగా కొనడమే మేలు, సరిహద్దులు చెప్పగలిగే స్థానికుడు తోడుంటే ఇంకా మేలు. ‘యజమాని నాకు జీపీఏ ఇచ్చాడు, నేనే సంతకం పెడతా’ అని ఏజెంటు అంటే అతను ఇక మధ్యవర్తి కాదు, అమ్మేవాడు. జీపీఏ రిజిస్టరు అయిందా, యజమాని బతికే ఉన్నారా, రద్దు చేశారా అన్నవి చూసి యజమానితో ఒకసారి మాట్లాడండి. జీపీఏ ఆధారంగా చేసుకునే ‘అమ్మకం’ హక్కునివ్వదని, రిజిస్టరైన సేల్ డీడ్‌తోనే హక్కు మారుతుందని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది.

కమీషను, అడ్వాన్సు

కమీషను ఎంతన్నది నోటిమాటగా ఉంచకండి. ఒకటో రెండో శాతం అనుకుంటారు, ఎవరివైపు నుంచి, జీఎస్టీ కలిపా విడిగానా అన్నది చివర్లో తగువవుతుంది. అర కాగితం చాలు: ఏ సర్వే నంబరు, ఎంత శాతం, ఎప్పుడు ఇవ్వాలి, బేరం చెడితే ఇవ్వాలా వద్దా, రెండోవైపు నుంచి కూడా తీసుకుంటున్నాడా. సగం అగ్రిమెంట్ రోజున, సగం రిజిస్ట్రేషన్ అయ్యాక అంటే ఇద్దరికీ న్యాయం. రెరా నమోదున్న ఏజెంటైతే ఆ కాగితం మీద తన నంబరు రాయమనండి.

అడ్వాన్సు ఎప్పుడూ ఏజెంటు చేతికి కాదు. రెరా ప్రాజెక్టులో అగ్రిమెంట్ రిజిస్టరు చేయకుండా ప్రమోటరు 10 శాతానికి మించి తీసుకోకూడదు. మనం పైన అనుకున్న ప్లాటుకు మూడు లక్షలు దాటకూడదు. స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. వ్యవసాయ భూమి కాని ఆస్తి విలువ 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు అమ్మేవారికిచ్చే డబ్బులోంచి ఒక శాతం పన్ను (టీడీఎస్) కోసి కట్టాలి. ఇది ఏజెంటు చెప్పకపోతే నోటీసు వచ్చేది మీకే.

తేడా వస్తే ఎక్కడికి వెళ్లాలో కొనకముందే తెలుసుకుని ఉంచుకోండి. నమోదైన ప్రాజెక్టు, ఏజెంటు విషయమైతే 31వ సెక్షన్ కింద రెరాకు ఫిర్యాదు. దొంగ పత్రాలు, ఒకే భూమి ఇద్దరికి అమ్మడం లాంటివైతే పోలీసు స్టేషను, వాళ్లు తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపి, ఆపైన మేజిస్ట్రేటు కోర్టు. పొలం బేరంలో అగ్రిమెంట్ తప్పితే సివిల్ కోర్టు ఒక్కటే దారి, అదీ గడువు తేదీ నుంచి మూడేళ్లలోపు. ఈ మూడు చోట్లా ముందు అడిగేవి ఒకటే: బ్యాంకు ద్వారా డబ్బు పంపిన రుజువు, సంతకం ఉన్న కాగితం, బ్రోచరు, ఏజెంటు పంపిన మెసేజీలు. సైటు చూసిన రోజు నుంచే వాటిని ఒక ఫైల్లో పెట్టడం మొదలుపెట్టండి.